తోటంతా మనదే... చూపు మాత్రం ఆ ఒక్క చెట్టుపైనే!

ఏదెను తోటలో చెట్లకు కొదువ లేదు. కంటికి ఇంపైనవి, నోటికి రుచైనవి ఎన్నో ఉన్నాయి. వాటన్నింటి ఫలాలనూ తినే స్వేచ్ఛను ఆదాము హవ్వలకిచ్చిన దేవుడు ఒక్క చెట్టు దగ్గర మాత్రమే హద్దు గీశాడు. సర్పం వచ్చి చేసిన మొదటి పని ఆ లెక్కను తారుమారు చేయడం. చేతికందే చెట్లన్నింటినీ మరిపించి, అందని ఒక్క చెట్టును చూపించింది. మీకు దక్కాల్సిందేదో దేవుడు దాచిపెట్టాడన్న అనుమానాన్ని నాటింది (ఆదికాండం 3:1-6). హవ్వ ఆకలితో ఆ పండు తినలేదు. తనకేదో దక్కకుండా పోతోందన్న బెంగతో తిన్నది. లోకంలో మొదటి పాపానికి ముందు మొదటి అనుమానం పుట్టింది. దేవుడు నాకు తక్కువ చేశాడన్నదే ఆ అనుమానం.

ఆ పాత బెంగకు మన కాలం ఒక కొత్త పేరు పెట్టింది. 'ఫియర్ ఆఫ్ మిస్సింగ్ ఔట్', క్లుప్తంగా 'ఫోమో'. తనకు తెలియకుండా, తాను లేకుండా ఎక్కడో ఏదో మంచి జరిగిపోతోందని, దానికి తానొక్కడే దూరమవుతున్నానని మనిషిని లోలోపల తొలిచే భయమిది. 2004లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ విద్యార్థి ప్యాట్రిక్ మెక్‌గిన్నిస్ తన తోటి విద్యార్థుల తీరుపై కళాశాల పత్రికలో సరదాగా రాసిన వ్యాసంతో ఈ మాట వ్యాప్తిలోకి వచ్చింది. 2013లో ఆక్స్‌ఫర్డ్ వారి ఆన్‌లైన్ నిఘంటువులో చోటు సంపాదించింది. వైద్యులు దీన్నొక వ్యాధిగా లెక్కించరు. అయినా పిల్లల నిద్రను, పెద్దల నెమ్మదిని, ఇంటిల్లిపాది ప్రార్థనా సమయాన్ని ఇది ఎంతగా తినేస్తోందో మన ఇళ్లలోనే చూస్తున్నాం.

ఇది కుర్రకారుకే పరిమితం అనుకుంటే పొరపాటే. పక్కింటివారు ప్లాటు కొన్నారన్న కబురు వినగానే అప్పు చేసైనా ఇంకో ప్లాటుకు అడ్వాన్సు ఇచ్చే నడివయసు తండ్రిది ఇదే భయం. ఫలితాల రోజున బంధువుల పిల్లల ర్యాంకుల ఫొటోలు ఫోన్‌లో చూసి, తన బిడ్డ ముఖంలోకి చూడలేకపోయే తల్లిది ఇదే భయం. కొడుకు అమెరికాలో ఉంటే, మనవడి పుట్టినరోజు ఫొటోలు ముందుగా వియ్యాలవారి స్టేటస్‌లో కనిపించినందుకు రాత్రంతా కుమిలిపోయే నాయనమ్మదీ ఇదే.

పావుగంట పరీక్ష

2013లో ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి ఈ భయాన్ని కొలవడానికి పది వాక్యాల ప్రశ్నావళి ఒకటి తయారుచేశారు. నేను లేకుండా మిత్రులు సరదాగా గడుపుతున్నారని తెలిస్తే నాకు కలవరంగా ఉంటుందా, ఇతరులకు నాకన్నా మంచి అనుభవాలు కలుగుతున్నాయని భయపడతానా అన్న తరహా మాటలవి. దాంతోపాటు సోషల్ మీడియా వాడకం గురించీ అడిగారు. నిద్ర లేచిన పావుగంటలోగా చూస్తారా? పడుకోబోయే పావుగంటలో చూస్తారా? భోజనం చేస్తూ చూస్తారా? ఫోమో ఎక్కువగా ఉన్నవారిలో ఈ అలవాట్లూ ఎక్కువగా కనిపించాయి. తరగతిలో పాఠం వింటూ, వాహనం నడుపుతూ కూడా ఫోన్ వైపు చూసే ధోరణి వారిలో ఎక్కువని తేలింది.

విశ్వాసికి ఈ రెండు పావుగంటలూ ముఖ్యమైనవి. దావీదు ఉదయాన్నే తన ప్రార్థనను దేవుని ముందుంచి జవాబు కోసం కాచుకున్నాడు (కీర్తన 5:3). రాత్రి వేళ, దేవుడే తనను కాపాడతాడన్న ధైర్యంతో నెమ్మదిగా నిద్రపోయాడు (కీర్తన 4:8). రోజుకు అటొక గడప, ఇటొక గడప. ఆ రెండు గడపల దగ్గరా ఇప్పుడు మనకు మొదట ఎదురయ్యేదెవరు? దేవుడా, లేక ఇతరుల స్టేటస్‌లా? ఎవరికి వారే జవాబు చెప్పుకోవాలి.

ఆ పరిశోధనలో మనం ఇంకా లోతుగా ఆలోచించాల్సిన సంగతి మరొకటి ఉంది. మనిషి మనసుకు మూడు ప్రాథమిక అవసరాలుంటాయని ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. నా జీవితాన్ని నేనే నడుపుకుంటున్నానన్న భావన ఒకటి. నా వల్ల ఒక పని అవుతుందన్న నమ్మకం రెండోది. నన్ను తమవాడనుకునే మనుషులున్నారన్న భరోసా మూడోది. ఈ మూడింటిలో వెలితి ఉన్నవారిలోనే ఫోమో ఎక్కువగా కనిపించిందని ప్రిజిబిల్‌స్కీ బృందం గుర్తించింది. అంటే చాలామంది చేత ఫోన్ పట్టించేది ఆ లోపలి వెలితే. పిల్లల చేతిలోంచి ఫోన్ లాక్కోవడంతోనే పని అయిపోయిందనుకునే తల్లిదండ్రులు ఈ సంగతిని గమనించాలి. ఫోన్ పోతుంది, వెలితి మిగులుతుంది.

గాలం వేసే విద్య

అలాగని ఫోన్‌లోని ఆ యాప్‌లను నిర్దోషులనీ అనలేం. మన వెలితిని కనిపెట్టి, దానికి తగిన ఎరను తయారుచేసిన విద్య వాటి వెనకుంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్.స్కిన్నర్ గత శతాబ్దంలో పావురాలపై చేసిన ప్రయోగాలు ప్రసిద్ధమైనవి. పావురం ముక్కుతో ఒక బిళ్లను పొడిస్తే గింజలు పడే ఏర్పాటు అది. గింజలు ఎన్ని పోట్లకు పడతాయో తెలియకుండా, ఒకసారి మూడింటికి, ఇంకోసారి ముప్పైకి పడేలా చేస్తే ఆ పావురం ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. గింజలు పూర్తిగా ఆపేసినా చాలాసేపు మానదు. జూదం ఆడేవాణ్ని బల్ల దగ్గర కట్టిపడేసేదీ ఇదే సూత్రం. వేలితో తెరను కిందకు లాగి, కొత్తగా ఏమొచ్చిందోనని చూసే మనం ఆ పావురానికి ఎంత దూరంలో ఉన్నాం?

2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ తెరకు అడుగన్నదే లేకుండా కిందికి జరుగుతూనే ఉండే పద్ధతిని రూపొందించాడు. తర్వాతి కాలంలో అందుకు ఆయనే బహిరంగంగా విచారం వ్యక్తం చేశాడు. పుస్తకానికి చివరి పుట ఉంటుంది, దినపత్రికకు చివరి పేజీ ఉంటుంది. ఇక్కడ మాత్రం ఇక చాలు అనిపించే చోటే లేదు. 2009లో ఫేస్‌బుక్ లైక్ బటన్ వచ్చి మెప్పును అంకెల్లోకి మార్చింది. 2014లో వాట్సాప్‌లో నీలిరంగు టిక్కులొచ్చాయి. చూసి కూడా జవాబివ్వలేదన్న కొత్త మనస్తాపం వాటితోపాటే ఇళ్లలోకొచ్చింది. 2016లో ఇన్‌స్టాగ్రామ్ 24 గంటల్లో మాయమైపోయే 'స్టోరీ'లను తెచ్చింది. ఈ రోజు చూడకపోతే రేపు ఉండదన్న తొందర అందులోనే ఇమిడి ఉంది. 2017 నుంచి వాట్సాప్ స్టేటస్‌కూ అదే గడువు.

చూసే కన్నుకు తృప్తి లేదని, వినే చెవికి చాలు అన్న మాట తెలియదని ప్రసంగి ఏనాడో గ్రహించాడు (ప్రసంగి 1:8). అప్పట్లో అది మానవ స్వభావానికి సంబంధించిన సత్యం మాత్రమే. ఇప్పుడదే స్వభావం మీద పెద్ద పెద్ద వ్యాపారాలు నడుస్తున్నాయి. మనం చూసే ప్రతి నిమిషానికీ వెల కట్టి ప్రకటనదారులకు అమ్ముతున్నారు. మనకు తృప్తి కలిగితే వారికి గిరాకీ ఉండదు.

ఆసాపు పడిన వేదన

మనిషి తన విలువను సొంతంగా తూచుకోలేడు, పక్కవాడితో పోల్చుకుని చూసుకుంటాడని లియాన్ ఫెస్టింగర్ 1954లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. ఆ రోజుల్లో పోల్చుకోవడానికి వీధిలోని పది ఇళ్లు, ఆఫీసులోని పదిమంది ఉండేవారు. వారి సుఖంతోపాటు వారి కష్టమూ మనకు తెలిసేది. పక్కింటివారి కొత్త బండి కనిపించేది, వారింట్లో దగ్గు కూడా వినిపించేది. ఫోన్‌లో దగ్గు వినిపించదు. అక్కడ ఎదుటివారి జీవితంలోని ఏరి కూర్చిన నాలుగు మంచి క్షణాలనే చూస్తాం. వాటిని మన ఇరవైనాలుగు గంటలతో పోల్చుకుంటాం. ఆ త్రాసు మొదటినుంచే తప్పు తూకం వేస్తుంది.

ఈ వేదనను కీర్తనకారుడైన ఆసాపు కళ్లకు కట్టినట్టు వర్ణించాడు. అతడేమీ కొత్తగా మారిన విశ్వాసి కాదు. దేవుని మందసం ఎదుట స్తుతిగానాలు చేయడానికి దావీదు నియమించిన వారిలో ముఖ్యుడు (1 దినవృత్తాంతములు 16:5). ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ఆరాధన నడిపించే నాయకుడు. అలాంటివాడు భక్తిలేనివారి వైభవాన్ని చూసి అసూయపడ్డాడు. వారికి రోగాల్లేవు, చింతల్లేవు, కలిమి పెరుగుతోంది, నేను మాత్రం పవిత్రంగా బతికి ఏం బావుకున్నానని వాపోయాడు. తన అడుగులు జారిపోవడానికి కొంచెమే తక్కువైందని ఒప్పుకున్నాడు (కీర్తన 73).

అతని చూపు ఎక్కడ మారిందో గమనించండి. దేవుని పరిశుద్ధ స్థలంలోకి వెళ్లేవరకు అది మారలేదు (73:17). లోపలికి వెళ్లి వచ్చేసరికి ధనవంతులు పేదలైపోలేదు. ఆసాపు ధనవంతుడూ కాలేదు. కానీ దేవుడు తన కుడిచేయి పట్టుకుని ఉన్నాడన్న సంగతి అతనికి తెలిసొచ్చింది. దేవుడు తనకుండగా ఈ లోకంలో ఇక తాను కోరాల్సింది ఏముందన్నాడు. పోలిక అక్కడ ఆగిపోయింది. ఎందుకంటే దేవుని సాన్నిధ్యం ఒకరికిస్తే ఇంకొకరికి తరిగిపోయే ఆస్తి కాదు.

పిలుపు రానివారి సంగతి

కిందటి క్రిస్మస్ రోజుల్లో మా సంఘంలోని ఒక తల్లి వచ్చి, "అయ్యగారూ, మా పాప రెండు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. మీరొకసారి మాట్లాడండి" అన్నారు. ఇంటర్ చదివే అమ్మాయి. పరీక్ష ఏదైనా సరిగా రాయలేదేమో అనుకున్నాను. సంగతి వేరు. సండే స్కూల్ నుంచీ కలిసి పెరిగిన స్నేహితురాళ్లు ఒకరింట్లో చేరి, స్టార్ కట్టి, కేక్ కోసి ఆ ఫొటోలన్నీ స్టేటస్‌లో పెట్టారు. ఈ అమ్మాయిని పిలవలేదు. చాలాసేపు తల వంచుకుని కూర్చుని, చివరికి ఒక్క మాట అంది: "పిలవకపోయినా పర్వాలేదు అయ్యగారూ. నేను లేనన్న సంగతే వాళ్లకు గుర్తు రాలేదు."

ఫోన్ తక్కువ చూడు తల్లీ అన్నది ఆ మాటకు జవాబు కాదు. మనుషులు మరచిపోయిన చోట మరచిపోని దేవుడొకడున్నాడన్నదే జవాబు. పాలిచ్చే తల్లి తన బిడ్డను మరచినా తాను మరువనని, తన ప్రజలను తన అరచేతుల మీద చెక్కుకున్నానని ఆయన యెషయా ద్వారా చెప్పాడు (యెషయా 49:15-16). అయితే ఆ మాట ఆ అమ్మాయికి నిజమని తోచాలంటే, దాన్ని మనుషుల ముఖాల్లోనూ చూడగలగాలి. ఆ బాధ్యత సంఘానిది.

సంఖ్యాకాండం 9వ అధ్యాయంలో మనం అంతగా ధ్యానించని సంఘటన ఒకటుంది. ఇశ్రాయేలీయులు సీనాయి అరణ్యంలో పస్కా పండుగ చేసుకుంటున్నారు. శవాన్ని ముట్టినందువల్ల అపవిత్రులైన కొందరు ఆ రోజు పండుగలో పాలుపొందలేకపోయారు. శవాన్ని ముట్టారంటే, బహుశా తమ ఇంటివారినెవరినో సమాధి చేసి వచ్చినవారై ఉంటారు. అందరూ పండుగలో ఉంటే దుఃఖంలో ఉన్నవారు బయట నిలబడ్డారు. వారు మోషే దగ్గరకొచ్చి, మమ్మల్నెందుకు దూరం పెట్టారని అడిగారు. మోషే వారిని కసరలేదు. ఉండండి, దేవుణ్ని అడుగుతానన్నాడు. దేవుడేం చేశాడు? వారి కోసం, దూర ప్రయాణంలో ఉండి రాలేకపోయేవారి కోసం సరిగ్గా నెల తర్వాత, రెండో నెల 14వ రోజున మళ్లీ పస్కా ఏర్పాటు చేశాడు. తప్పిపోయిన కొద్దిమంది కోసం పండుగకు రెండో తేదీ పెట్టిన దేవుడాయన!

కొత్త నిబంధనలో తోమా సంగతీ అంతే. పునరుత్థానుడైన యేసు ఆ ఆదివారం సాయంత్రం శిష్యులకు కనిపించినప్పుడు తోమా అక్కడ లేడు. ఎందుకు లేడో వాక్యం చెప్పదు. చరిత్రలోనే అంత గొప్ప సాయంత్రాన్ని తప్పిపోయినవాడు ఇంకెవరున్నారు? ఎనిమిది రోజులపాటు మిగిలినవారి సంబరాన్ని వింటూ గడిపాడు. మేం చూశామని వారు, నేను చూస్తేనే నమ్ముతానని ఇతడు. అయినా వారు అతణ్ని వెలివేయలేదు. అతడూ వారిని విడిచిపోలేదు. ఎనిమిది రోజుల తర్వాత ప్రభువు మళ్లీ వచ్చాడు. అందరికీ సమాధానం పలికి, నేరుగా తోమా వైపు తిరిగాడు. తోమా అన్న మాటలను తాను విన్నట్టు, తన చేతులనూ పక్కనూ చూపించాడు (యోహాను 20:24-29). తప్పిపోయినవాడి కోసం రెండోసారి వచ్చే ప్రభువు మనకున్నాడు. ఫోమో అనే భయానికి వేరు దగ్గర పడే గొడ్డలిపెట్టు ఈ సత్యమే.

మన సంఘాలు ఈ ప్రభువును పోలి ఉన్నాయా? గృహకూడిక ఫొటోలు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు, ఆ ఫొటోలో లేనివారెవరో ఒక్క క్షణం ఆలోచించే అలవాటు మనకుందా? భర్తను పోగొట్టుకున్న సోదరి, మంచం పట్టిన పెద్దాయన, నైట్ డ్యూటీ వల్ల కూడికకు రాలేని యువకుడు ఆ ఫొటోను ఒంటరిగా చూస్తారు. ఫొటో పెట్టేముందు వారిలో ఒకరికి ఫోన్ చేసి, మీరు లేని లోటు కనిపించిందండీ అని చెప్పగలిగితే, అది ఆ దినానికి రెండో పస్కా అవుతుంది. లైవ్ ప్రసంగాన్ని ఎంతమంది చూశారో లెక్కపెట్టుకునే పరిచారకులకూ ఒక హెచ్చరిక ఉంది. జనాన్ని లెక్కించమని ఆజ్ఞాపించిన దావీదు, ఆ లెక్క చేతికందాక మనసు నొచ్చుకున్నాడు (2 సమూయేలు 24:10).

ఏడో రోజు మన్నా

ఫోన్‌ను పూర్తిగా తిట్టిపోయడం కృతఘ్నత అవుతుంది. 2020 లాక్‌డౌన్‌లో మందిరాల తలుపులు మూతపడినప్పుడు చాలా కుటుంబాలు ఫోన్ ముందే మోకరించాయి. సముద్రాల అవతలున్న బిడ్డల ముఖాలను తల్లిదండ్రులకు చూపేదీ అదే. సమస్యంతా దాన్ని వాడే కొలతలో ఉంది, దాని నుంచి మనం ఆశించేదాంట్లో ఉంది.

కొలత సంగతికొస్తే, 2018లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 143 మంది విద్యార్థులతో చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. అందులో ఒక బృందం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్‌లను ఒక్కొక్కటి రోజుకు పది నిమిషాలకే పరిమితం చేసుకుంది. మూడు వారాల్లో వారిలో ఒంటరితనం, కుంగుబాటు చెప్పుకోదగ్గంతగా తగ్గాయి. విశేషమేమిటంటే, ఫోమో మాత్రం రెండు బృందాల్లోనూ తగ్గింది. ఎప్పటిలాగే వాడుకుంటూ, ఎంతసేపు వాడుతున్నామో లెక్క చూసుకున్నవారిలోనూ తగ్గింది. తనను తాను పరీక్షించుకోవడంలోని మేలు అది. ప్రభువు బల్లను సమీపించేముందు ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకోవాలని పౌలు కొరింథీయులకు బోధించాడు (1 కొరింథీ 11:28). ఏ యాప్ ఎన్ని గంటలు చూశామో మన ఫోన్లే చూపిస్తాయి. వారానికోసారి, శనివారం రాత్రి ఆ అంకెను నిజాయతీగా చూసుకోవడం మంచి ఆరంభం.

ఆస్ట్రేలియాలో పదహారేళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలను నిషేధించే చట్టం 2025 డిసెంబరు 10న అమల్లోకొచ్చింది. చట్టం తలుపు మూయగలదు. లోపలి ఆకలిని తీర్చలేదు. అరణ్యంలో మన్నా కురిసిన రోజుల్లో దేవుడు ఆరో రోజున రెట్టింపు ఇచ్చి, ఏడో రోజున బయటికి వెళ్లొద్దన్నాడు. అయినా కొందరు ఏడో రోజునా గిన్నెలు పట్టుకుని బయల్దేరారు. వారికేమీ దొరకలేదు (నిర్గమకాండం 16:27). ఇంట్లో సరిపడినంత ఉంది. అయినా బయట ఏదో పడి ఉంటుందేమో, మనం వెళ్లకపోతే పోతుందేమోనన్న బెంగ వారిని కదిలించింది. ఈ రోజు ఏరుకోకపోయినా దేవుడు పోషిస్తాడని నమ్మి ఊరక కూర్చోవడమే విశ్రాంతి దినపు అర్థం. ఆదివారం ఆరాధన మొదలు సాయంత్రం దాకా ఫోన్‌ను బీరువాలో పెట్టగలిగిన కుటుంబం ఆ అర్థాన్ని మళ్లీ నేర్చుకుంటుంది. మిగిలిన రోజుల్లో ఆ రెండు పావుగంటలూ, అన్నం ముందు కూర్చున్న సమయమూ దేవునికీ ఇంటివారికీ కేటాయించుకుంటే చాలు.

ఇంకో సాధన కూడా ఉంది. ఎవరి శుభవార్తో చూసి మనసు చివుక్కుమన్నప్పుడు, తెరను కిందికి జరిపేయకుండా, ఆ మనిషి పేరు పెట్టి దేవునికి కృతజ్ఞత చెప్పాలి. మొదట పెదవులే చెబుతాయి. కొన్నాళ్లకు మనసూ కలుస్తుంది. ఆనందించేవారితో ఆనందించమన్న ఆజ్ఞ (రోమా 12:15), ఏడ్చేవారితో ఏడవడంకన్నా కష్టమైనదని పాటించినవారికి తెలుసు. పౌలు సంకెళ్లలో ఉండగా, బయట కొందరు అతని మీద పోటీతోనే సువార్త ప్రకటించారు. తాను లేని వేదికలపై ఇతరులు వెలిగిపోతున్నారన్న వార్త జైల్లో అతనికి చేరింది. అయినా, ఏ విధంగానైతేనేం, క్రీస్తు ప్రకటించబడుతున్నాడని సంతోషించాడు (ఫిలిప్పీ 1:15-18). ఉన్న స్థితిలో తృప్తిగా ఉండటం తాను నేర్చుకున్న విద్య అని అదే పత్రికలో రాశాడు (4:11). నేర్చుకున్నానన్నాడు గనుక అది పుట్టుకతో వచ్చేది కాదు. మనమూ నేర్చుకోవచ్చు.

తిబెరియ సముద్రతీరాన పునరుత్థానుడైన ప్రభువు పేతురుకు తన మందను అప్పగించి, అతని ముందున్న కష్టాన్నీ చెప్పి, నన్ను వెంబడించు అన్నాడు. పేతురు వెంటనే వెనక్కి తిరిగి యోహానును చూశాడు. ప్రభువా, మరి ఇతని సంగతేమిటని అడిగాడు. అతని సంగతి నీకెందుకు, నువ్వు నన్ను వెంబడించు అన్నదే ప్రభువు జవాబు (యోహాను 21:20-22). యోహానుకు ఏమిస్తాడో పేతురుకు చెప్పలేదు. పేతురుకు చెప్పాల్సింది మాత్రం చెప్పాడు. మన చేతిలోని తెర రోజంతా మనచేత అడిగిస్తున్నదీ పేతురు ప్రశ్నే. వారి సంగతేమిటి? వీరి సంగతేమిటి? ప్రభువు జవాబు కూడా మారలేదు. ఆయన మన ముందు నడుస్తున్నాడు. ఆయన అడుగు వెంట అడుగు వేసేవారు దారిలో ఎన్ని విందులకు దూరమైనా, ఆయన సిద్ధపరచిన విందును మాత్రం కోల్పోరు.